రేడియో సిలోన్ వెనకున్న ఏకల ట్రాన్స్‌మిటర్ స్టేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీలంక నుంచి వచ్చిన రేడియో సిలోన్ అనగానే మనవాళ్లు పాటల గురించి చెబుతారు, అనౌన్సర్ల గొంతుల గురించి చెబుతారు, బుధవారం రాత్రి ఎనిమిది గంటలకి వచ్చే బినాకా గీత్‌మాలా గురించి చెబుతారు. ఆ పాటని సముద్రం దాటించి మన వసారాలోకి తెచ్చిన స్టేషన్ పేరు అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. ఆ స్టేషన్ పేరు ఏకల. నేను చిన్నప్పటి నుంచీ రేడియో పిచ్చి ఉన్నవాణ్ణి, మా ఊరు తెనాలి పక్కన. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఏకల ఎక్కడుంది? రేడియో సిలోన్ కొలంబోలో కదా ఉండేది?

స్టూడియోలు కొలంబోలోనే, టారింగ్టన్ స్క్వేర్‌లో. దాన్నే ఇప్పుడు ఇండిపెండెన్స్ స్క్వేర్ అంటున్నారు. మైకు, రికార్డులు, అనౌన్సర్లు అంతా అక్కడే. కానీ స్టూడియోలో మాట్లాడింది గాల్లోకి వెళ్లేది ఏకల నుంచి. కొలంబోకి ఉత్తరాన, జా-ఎల అనే ఊరి దగ్గర ఉంటుంది ఏకల. ఇప్పుడా పేరు చెబితే శ్రీలంకలో చాలామందికి పరిశ్రమల పేటే గుర్తొస్తుంది.

స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ ఇంకోచోట ఉండటం ఏ పెద్ద రేడియోకైనా మామూలే. దూరాలకి పంపే షార్ట్‌వేవ్ ఏరియళ్లంటే మేడ మీద పెట్టుకునే గొట్టాలు కావు, ఎత్తైన టవర్ల మధ్య తీగలు తెరల్లాగా వేలాడదీస్తారు, వాటికి ఎకరాల కొద్దీ ఖాళీ నేల కావాలి, చుట్టుపక్కల పెద్ద భవనాలు ఉండకూడదు. ఊరి నడిబొడ్డున అంత చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఈ స్టేషన్‌ని ఎవరు పెట్టారు? పాటల కోసమేనా?

కాదు, యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో జపాన్ మీద పోరాడుతున్న మిత్రపక్షాల సేనలకి మౌంట్‌బాటెన్ సుప్రీం కమాండర్. ఆయన తన ప్రధాన కార్యాలయాన్ని 1944లో ఢిల్లీ నుంచి సిలోన్‌లోని కాండీకి మార్చారు. బర్మా అడవుల్లోనూ, సముద్రం మీద ఓడల్లోనూ ఉన్న సైనికులకి ఇంటి భాషలో వార్తలు, సంగీతం వినిపించాలని ఒక రేడియో మొదలుపెట్టారు. సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్ అన్న ఆ కమాండ్ పేరునే పొట్టి చేసి రేడియో సియాక్ అన్నారు. మొదట్లో చిన్న ట్రాన్స్‌మిటర్‌తోనే నడిపారు. అది చాలదని మార్కోనీ కంపెనీ 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ తెప్పించారు.

అది గాల్లోకి వచ్చేసరికి 1946 అయింది. జపాన్ లొంగిపోయింది 1945 ఆగస్టులో. అంటే యుద్ధం కోసం తెప్పించిన అంత పెద్ద మిషను, యుద్ధం అయిపోయాక పని మొదలుపెట్టింది. అప్పటికింకా లక్షలమంది సైనికులు ఇంటికి పోవడానికి ఓడల కోసం ఎదురుచూస్తూ ఇండియా నుంచి జపాన్ దాకా చెల్లాచెదురుగా ఉన్నారు కాబట్టి మూడేళ్లు వాళ్ల కోసం నడిచింది. తర్వాత రోజుల్లో బీబీసీలో పెద్ద పేరు తెచ్చుకున్న డేవిడ్ జాకబ్స్ కుర్రాడిగా అనౌన్సర్ పని చేసింది ఈ రేడియో సియాక్‌లోనే.

1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. 1949లో బ్రిటిష్ వాళ్లు స్టేషన్‌ని సిలోన్ ప్రభుత్వం చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ ఏడాదే రేడియో సిలోన్ ఒక విడి ప్రభుత్వ శాఖ అయింది. కొత్తగా స్వతంత్రమైన ఒక చిన్న దేశానికి, తన అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువైన షార్ట్‌వేవ్ మిషను చేతికొచ్చింది. దీన్ని ఏం చెయ్యాలి అన్న ప్రశ్నలోంచే మనం విన్న రేడియో సిలోన్ పుట్టిందని నా నమ్మకం.

రేడియో సిలోన్ ఆసియాలోకెల్లా మొదటి రేడియో అంటారు. నిజమేనా?

చాలాచోట్ల అలా రాస్తారు గానీ అది సరికాదు. కొలంబోలో రేడియో లాంఛనంగా మొదలైంది 1925 డిసెంబర్ 16న. ఎడ్వర్డ్ హార్పర్ అనే టెలిగ్రాఫ్ ఇంజినీరు అంతకు ఒకటి రెండేళ్ల ముందు నుంచే ప్రయోగాలు చేశాడు. పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి రేడియో విడిభాగాలతో ట్రాన్స్‌మిటర్ కట్టాడని చెప్పుకుంటారు. ఆయన గొప్పవాడే, సందేహం లేదు. కానీ మన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31నే ప్రసారాలు మొదలుపెట్టింది. టోక్యోలో 1925 మార్చిలో మొదలయ్యాయి. కొలంబో మొదటి వరసలో ఉంది, అందరికంటే ముందు మాత్రం కాదు. ఇంకో మాట, హార్పర్ పెట్టింది కొలంబో ఊరికి వినిపించే చిన్న స్టేషన్, మనం విన్నది యుద్ధకాలపు ఏకల స్టేషన్. రెండూ ఒకే సంస్థ కిందికి చేరాయి గానీ రెంటి పుట్టుక వేరు.

100 కిలోవాట్లంటే ఎంత?

మీ ఇంట్లో వేన్నీళ్ల గీజరు రెండు కిలోవాట్లు అనుకోండి. అలాంటివి యాభై ఒకేసారి వేస్తే ఎంతో, అంత శక్తి ఏరియల్‌లోంచి బయటికి పోతుంది. కరెంటు మీటరులో తిరిగేది దానికి రెట్టింపుకి పైమాటే, ఎందుకంటే ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన వాల్వుల ట్రాన్స్‌మిటర్లలో సగానికి సగం వేడి కిందే పోయేది. ఆ వేడి తీయడానికి పెద్ద వాల్వులకి నీళ్లతోనో గాలితోనో చల్లదనం అందిస్తూనే ఉండాలి. వేల వోల్టుల కరెంటు, తలుపు తీస్తే దానంతటదే సరఫరా ఆగిపోయే ఏర్పాటు, లోపల మందపాటి రాగి గొట్టాలతో చుట్టిన కాయిళ్లు. పొద్దున ఒక ఫ్రీక్వెన్సీ, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి మరోటి. మార్చినప్పుడల్లా మొత్తం మళ్లీ ట్యూన్ చెయ్యాలి. మనం ఇంట్లో ముల్లు అంగుళం జరిపితే సరిపోయేది, అక్కడ డ్యూటీలో ఉన్న ఇంజినీరుకి అది పెద్ద పని. వాళ్ల పేర్లు ఏ కార్యక్రమంలోనూ చదివేవాళ్లు కాదు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అంత దూరంలో ఉన్న స్టేషన్ మన ఊళ్లో అంత బాగా ఎలా వినపడేది?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, కాస్త ఓపిగ్గా చెబుతాను.

విజయవాడ రేడియో మీడియంవేవ్. ఆ తరంగం పగలు నేలని పట్టుకుని పాకుతూ వస్తుంది, దూరం వెళ్లేకొద్దీ నీరసపడుతుంది. షార్ట్‌వేవ్ అలా కాదు. అది పైకి పోయి, దాదాపు మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో సూర్యుడి కిరణాలకి విద్యుదావేశం పొందిన పొరని తాకి, అక్కడి నుంచి వంగి మళ్లీ కిందికి దిగుతుంది. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. ఇలా పైకి పోయి దిగితే ఒక గెంతు అన్నమాట. ఎన్ని గెంతులు వేస్తే అంత బలం తగ్గుతుంది, అంత గరగర పెరుగుతుంది.

ఇప్పుడు దేశపటం ముందేసుకోండి. ఏకల నుంచి తెనాలికి గీత గీస్తే దాదాపు తిన్నగా ఉత్తరానికి వెయ్యి కిలోమీటర్లు. విజయవాడ ఇంకాస్త ఎక్కువ, హైదరాబాద్ పన్నెండు వందల లోపు, విశాఖపట్నం పన్నెండు వందల యాభై అటూఇటూ. ఈ దూరాలన్నీ ఒక్క గెంతులో హాయిగా అందే దూరాలు! పైగా ఏకలలో భారతదేశానికి పంపే ఏరియళ్ల ముఖం ఉత్తరానికి ఉండేది, మనం సరిగ్గా ఎదురుగా ఉన్నాం. కోస్తా జిల్లాల్లో రేడియో సిలోన్‌కి అంత అభిమానులు ఉండటానికి పాటలు ఒక కారణమైతే, ఈ భూగోళం రెండో కారణం.

విచిత్రం ఏమిటంటే, మనకి ఖంగున వినపడే ఆ పౌనఃపున్యం చాలా వేళల్లో ఏకల దగ్గరి కొద్దిపాటి చోటు దాటాక కొన్ని వందల కిలోమీటర్లలో సరిగ్గా వినపడేది కాదు. తరంగం వాళ్ల తల మీంచి దాటిపోయి మన దగ్గర దిగేది. పక్క ఊళ్లవాళ్లకి అందనిది, సముద్రం అవతలివాళ్లకి అందింది.

25 మీటర్లు, 41 మీటర్లు అనేవాళ్లు. ఆ మీటర్లేమిటి?

తరంగం పొడవు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. రేడియో సిలోన్ అభిమానులకి కంఠస్థమైన 11905 కిలోహెర్ట్జ్ తీసుకోండి, 300ని 11.905తో భాగిస్తే 25.2. అదే 25 మీటర్ల బ్యాండు. 7190 అయితే 41.7, అది 41 మీటర్లు.

ఎండ బాగా ఉన్నప్పుడు కింది పొరలు ఎక్కువ పొడవున్న తరంగాల్ని మింగేస్తాయి, కాబట్టి పగలు 25 మీటర్లో అంతకంటే పొట్టివో పనికొస్తాయి. చీకటి పడ్డాక పై పొర పలచబడి పొట్టి తరంగాల్ని వెనక్కి పంపలేదు, ఆకాశంలోకి వదిలేస్తుంది. అప్పుడు 41 మీటర్లకి దిగాలి. తెల్లవారుజామున కూడా అంతే. మా ఇంట్లో రేడియో గాజు మీద మా అమ్మ కుంకుమతో రెండు చుక్కలు పెట్టింది, ఒకటి పొద్దుటి సిలోన్, ఇంకోటి మధ్యాహ్నం సిలోన్. ఆవిడకి అయనోస్ఫియర్ గురించి ఎవరూ చెప్పలేదు, ఏ వేళకి ఏ చుక్క అన్నది మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

పాట మధ్యలో గొంతు పెరిగి తగ్గి, ఊయల ఊగినట్టు ఎందుకయ్యేది?

ఆకాశంలో ఆ పొర గోడలాగా నిలకడగా ఉండదు, కదులుతూ ఉంటుంది. ఒకే తరంగం రెండు మూడు దారుల్లో దిగి మీ ఏరియల్ దగ్గర కలుస్తుంది. కలిసినప్పుడు ఒకదానికొకటి బలమైతే గొంతు పెరుగుతుంది, ఎదురైతే పడిపోతుంది. దాన్నే ఫేడింగ్ అంటారు.

మా అక్క ఒకసారి ఎయిరోగ్రామ్ కొని కొలంబోకి ఉత్తరం రాసింది, తన పేరు, అమ్మ పేరు, నా పేరు, పక్కింటి పిల్లల పేర్లు అన్నీ రాసి ఒక పాట అడిగింది. రెండు నెలలు ప్రతి మధ్యాహ్నం రేడియో ముందు కూర్చున్నాం. ఒకరోజు మా ఊరి పేరు వచ్చింది. అక్క లేచి నిలబడింది. సరిగ్గా పేర్లు మొదలయ్యే చోట గొంతు లోపలికి పోయింది, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఏదో గొణుగుడు, అంతే. మళ్లీ పైకి వచ్చేసరికి పాట మొదలైపోయింది. నేను ఏరియల్ తీగ పట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోయాను, నా వల్లే పోయిందేమోనని. అక్క మాత్రం ఆ పాట మొత్తం నిలబడే విన్నది.

సైనికుల కోసం పెట్టిన స్టేషన్‌లో సినిమా పాటలు ఎలా మొదలయ్యాయి?

డబ్బు కోసం, దాచాల్సిందేమీ లేదు. 1950 సెప్టెంబర్ 30న రేడియో సిలోన్ వాణిజ్య విభాగం మొదలైంది. కామన్వెల్త్ దేశాల సహాయ పథకమైన కొలంబో ప్రణాళిక కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ దానికి రూపం ఇచ్చారు, లివీ విజేమాన్న లాంటి సింహళ ప్రసారకులు ఆయనతో కలిసి నడిపారు. ఆకాశవాణిలో అప్పుడు ప్రకటనలకి చోటు లేదు. భారతదేశంలో సబ్బులు, టూత్‌పేస్టులు, టీ పొడి అమ్మేవాళ్లకి దేశం మొత్తానికి చేరే రేడియో ఒకటి కావాలి. ఏకల ట్రాన్స్‌మిటర్‌కి ఆ బలం ఉంది.

దానికి ఢిల్లీ కూడా తోడ్పడింది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకి నిజమైన ప్రేమ ఉంది, సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తాయని అంతే గట్టిగా నమ్మారు. ఆకాశవాణిలో సినిమా పాటల సమయం బాగా కోసేశారు, సినిమా పేరు చెబితే ప్రకటన అవుతుందని పేరు చెప్పడం మానేశారు. నిర్మాతలకి కోపం వచ్చి పాటలు ప్రసారం చేసే అనుమతి వెనక్కి తీసుకున్నారు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైంది. జనం ముల్లు తిప్పి సిలోన్‌కి వెళ్లిపోయారు.

కేస్కర్‌ని తిట్టడం అందరికీ తేలిక. ఆయన హయాంలో ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతానికి జరిగిన మేలు చిన్నది కాదు, మన విద్వాంసులు చాలామందికి అన్నం పెట్టింది ఆ రేడియోనే. కానీ ఒక ఇంట్లో ఆడవాళ్లు పప్పు రుబ్బుతూ వినేది ఏమిటో మంత్రి నిర్ణయించలేడు, అదీ సంగతి. ఐదేళ్లకి ఢిల్లీ కూడా ఒప్పుకుని 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. అది కూడా మొదట బొంబాయి, మద్రాసుల నుంచి 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల మీదే వచ్చింది. అంటే ఏకలకి పోటీగా ఏకల పద్ధతే పట్టారు.

అమీన్ సయానీ కొలంబోలో ఉండి బినాకా గీత్‌మాలా చెప్పేవారా?

లేదు, బొంబాయిలో. అక్కడ రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి, అక్కడి నుంచి ఏకలకి, ఏకల నుంచి ఆకాశంలోకి, ఆకాశం నుంచి మళ్లీ బొంబాయికి. బొంబాయిలో ఉన్న మనిషి గొంతు బొంబాయిలోనే ఉన్న పక్కింటికి చేరడానికి సిలోన్ చుట్టి రావలసి వచ్చింది.

హిందీ సినిమా పాటల ఈ కార్యక్రమం 1952 డిసెంబర్‌లో మొదలైంది. మొదట్లో ఏడు పాటలు వేసి, ఏది ముందు ఏది వెనక చెప్పండని శ్రోతల్నే అడిగేవారు, సరిగ్గా చెప్పినవాళ్లకి వంద రూపాయల బహుమతి. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయని సయానీ తర్వాత చాలాసార్లు చెప్పారు. 1989లో ఆ కార్యక్రమం వివిధ భారతికి మారింది. ఆయన 2024 ఫిబ్రవరి 20న పోయారు. ఆ రోజు హిందీ ముక్క రాని మా పెద్దమ్మ, ఎనభై దాటిన మనిషి, ఫోన్ చేసి "మన సిలోన్ అబ్బాయి పోయాడంటరా?" అని అడిగింది.

కొలంబోలోనే ఉండి హిందీలో చెప్పినవాళ్లు వేరే ఉన్నారు. విజయ్ కిశోర్ దూబే, గోపాల్ శర్మ, మనోహర్ మహాజన్, వీళ్లంతా అక్కడ స్టూడియోలో కూర్చున్నవాళ్లే. పొద్దున ఎనిమిదికి ముందు రోజూ పాతకాలపు హిందీ గాయకుడు సైగల్ పాట ఒకటి వేసే ఆనవాయితీ కూడా కొలంబోదే. గడియారం లేని ఇళ్లలో ఆ పాటే గడియారం.

తెలుగు కార్యక్రమం ఎలా ఉండేది?

దక్షిణ భారతదేశానికి విడిగా ప్రసారాలు ఉండేవి. తమిళానికి ఎక్కువ వాటా, అది సహజం, సిలోన్‌లోనే తమిళులు ఉన్నారు కదా. దాంతోపాటు తెలుగుకీ, కన్నడానికీ, మలయాళానికీ కొంచెం కొంచెం సమయం దక్కేది. మన భాగంలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఒక తరానికి గుర్తు. తమిళం వాసన ఉన్న తెలుగు, ఎక్కడా తొందర లేని మాట. కొన్ని అక్షరాలు మనలా పలికేవారు కాదు. మా వీధిలో ఎవరూ తప్పు పట్టగా వినలేదు. పరాయి దేశంలో కూర్చుని మన భాషలో మన ఊళ్ల పేర్లు చదువుతుంటే ఎవరికి తప్పులు వెతకాలనిపిస్తుంది?

పాటలు మన రేడియోలో వచ్చేవే అయినా సిలోన్‌లో వస్తే ఆ పాట విలువ పెరిగేది. మద్రాసులో తీసిన తెలుగు సినిమా పాట సముద్రం దాటి వెళ్లి మళ్లీ వచ్చిందన్న సంబరం కావచ్చు. కొలంబోలో పాత గ్రామఫోన్ రికార్డుల భాండాగారం చాలా పెద్దది, హిందీ పాటలు వెతికేవాళ్లు ఇప్పటికీ ఆ భాండాగారం పేరు చెప్పుకుంటారు.

ఎవరెస్ట్ శిఖరం మీద టెన్సింగ్, హిల్లరీ ట్రాన్సిస్టర్ పెడితే మొదట వినపడింది రేడియో సిలోనే అంటారే?

ఈ కథ దశాబ్దాలుగా తిరుగుతోంది, నేను కూడా చాలాకాలం నమ్మాను, నమ్మడం ఇష్టం కాబట్టి. వాళ్లు శిఖరం ఎక్కింది 1953 మే 29న. మొట్టమొదటి ట్రాన్సిస్టర్ రేడియో అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1954 చివర్లో. శిఖరం మీద వాళ్లు పావుగంట ఉన్నారు, ఆక్సిజన్ లెక్క చూసుకుంటూ. వాల్వు రేడియో, దాని బ్యాటరీలు మోసుకుని ఎవరూ అక్కడికి ఎక్కరు. కింద బేస్ క్యాంపులో రేడియో ఉంది, అక్కడ ప్రసారాలు విన్నారు, అది నిజం. శిఖరం మీద పాట మాత్రం కట్టుకథే.

అమెరికా, జపాన్, జర్మనీ వాళ్లకి కూడా శ్రీలంకలో స్టేషన్లు ఎందుకు?

దేశపటంలో శ్రీలంక ఉన్న చోటు అలాంటిది. ఒక్క గెంతులో మొత్తం దక్షిణ భారతం, రెండో గెంతులో పశ్చిమాసియా నుంచి చైనా దాకా. 1951లో అమెరికా ఒప్పందం చేసుకుని రేడియో సిలోన్‌కి 35 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు ఇచ్చింది, బదులుగా రోజులో కొంతసేపు వాయిస్ ఆఫ్ అమెరికా కార్యక్రమాలు వేయించుకుంది. తర్వాత ఎప్పటికో చిలాపం దగ్గర ఇరణవిల అనే చోట సొంతంగా పెద్ద స్టేషన్ కట్టుకుంది. అక్కడి జాలర్లు గట్టిగా ఎదిరించినా కట్టారు, ఇప్పుడది మూతపడింది. జపాన్ వాళ్ల ఎన్‌హెచ్‌కే ఏకలలోనే 300 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ల మీద తన ప్రసారాలు నడిపింది. జర్మనీ డాయిష్ వెల్లె 1980ల్లో ట్రింకోమలీ దగ్గర పెట్టుకున్న స్టేషన్‌ని 2013 ప్రాంతంలో శ్రీలంకకి అప్పగించి వెళ్లింది.

రాత్రిపూట మీడియంవేవ్‌లో 882 దగ్గర తెలుగులో క్రైస్తవ కార్యక్రమాలు విన్నామని చాలామంది రాస్తారు. అది ఏకల కాదు, పుత్తళం. ట్రాన్స్ వరల్డ్ రేడియో వాళ్ల 400 కిలోవాట్ల స్టేషన్. మీడియంవేవ్ కాబట్టి పగలు అంత దూరం రాదు, పొద్దుగుంకాక వస్తుంది.

మరి అంత గొప్ప స్టేషన్ ఎందుకు వెనకబడింది?

పేర్లు మారాయి, 1967లో సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, 1972లో దేశం పేరుతోపాటే శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. కానీ పేర్ల వల్ల కాదు. 1967 నవంబర్ నుంచి వివిధ భారతి ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది, అదీ మీడియంవేవ్ మీద, గరగర లేకుండా. కంపెనీలు మెల్లగా అటు జరిగాయి. ఆ తర్వాత క్యాసెట్లు, టీవీ, ఎఫ్ఎం. అడిగిన పాట క్యాసెట్ షాపులో దొరుకుతుంటే రెండు నెలలు ఉత్తరం కోసం ఎవరు కూర్చుంటారు? ట్రాన్స్‌మిటర్లు పాతబడ్డాయి, వాల్వులు మార్చాలంటే డాలర్లు కావాలి, కరెంటు బిల్లు వేరే. ఈ లెక్క ఒక్క ఏకలది కాదు, ప్రపంచంలో షార్ట్‌వేవ్ స్టేషన్లు చాలావరకు ఈ లెక్క దగ్గరే మూతపడ్డాయి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. తుపాను వచ్చి సెల్ టవర్లు పడిపోయిన రోజున వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి కబురు అందించగలిగేది షార్ట్‌వేవే. 1977 దివిసీమ ఉప్పెన చూసిన జిల్లావాళ్లం, దీన్ని పాతకాలపు సరదా అని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది.

ఇంట్లో పాత రేడియో ఉంది. షార్ట్‌వేవ్ ఇప్పుడు పట్టవచ్చా?

పట్టవచ్చు. వాల్వు రేడియో అయితే అటక మీంచి దించి నేరుగా ప్లగ్గు పెట్టకండి, లోపల కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, తెలిసినవాళ్లకి చూపించండి. తెలిసినవాళ్లు అన్నమాట మళ్లీ చెబుతున్నాను. మా నాన్న రేడియోని నేను ఒక దుకాణంలో ఇస్తే, ఇప్పుడు షార్ట్‌వేవ్ ఎవరు వింటారు సార్ అని ఆ కాయిళ్లు పీకేసి, మీడియంవేవ్ ఒక్కటీ పలికేలా చేసి ఇచ్చారు. గాజు మీద అమ్మ పెట్టిన చుక్కల మరకలు కూడా స్పిరిటు పెట్టి తుడిచేశారు, శుభ్రం చేశామని చెప్పి. ముందే చెప్పి ఇవ్వండి, ఏం ముట్టుకోకూడదో కాగితం మీద రాసి అంటించండి.

పాతది కుదరకపోతే బ్యాటరీలతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ రేడియోలు ఇంకా దొరుకుతున్నాయి. అసలు గరగర ఇప్పుడు ఆకాశంలో కంటే మన ఇళ్లలో ఎక్కువ. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, వైఫై డబ్బాల అడాప్టర్లు, ఇన్వర్టరు, అన్నీ షార్ట్‌వేవ్‌లో రొద పెడతాయి. ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి బ్యాటరీ మీద విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పది పన్నెండు మీటర్ల మామూలు వైరు తీసుకుని, ఒక కొన రేడియో ఏరియల్‌కి తగిలించి, రెండో కొన డాబా మీద కరెంటు తీగలకి దూరంగా ఏ కొబ్బరిచెట్టుకో కట్టండి, మధ్యలో నైలాన్ తాడు వేసి. ఉరుములు రాకముందే తప్పకుండా విప్పేయండి.

సాయంత్రం ఆరు దాటాక ముల్లు మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. చైనా రేడియో ముందు దొరుకుతుంది, దానికి బలం ఎక్కువ. ఆ పక్కనే పేరు తెలియని భాషలు కొన్ని వస్తాయి. నేను ఇప్పటికీ పొద్దున్నే 11905 దగ్గర ఒకసారి ఆగుతాను. ఆగిన రోజున అక్కకి ఫోన్ చేస్తే, వచ్చిందా అని అడుగుతుంది.